చేదుతిత్తిలో దాగిన శత్రువు



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నాకు బాగా నచ్చింది. అందులో ఇలా వున్నది: "మాస్టారూ, మా అమ్మమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేశారు. తీసిన రాళ్లను చిన్న సీసాలో వేసి మాకు చూపించారు. ఆపరేషనుకు ముందు అమ్మమ్మకు విపరీతమైన జ్వరం. మొదట ఇచ్చిన మందుకు జ్వరం తగ్గలేదు. ఏదో పరీక్ష చేసి, రెండు రోజుల తరవాత మందు మార్చారు. అప్పుడు తగ్గింది. మొదటి మందు పాతబడిపోయిందా? లేక అది మంచి మందు కాదా?"

మందు పాతబడలేదు, చెడ్డదీ కాదు. మరి జరిగిందేమిటో చెప్పాలంటే ముందు పిత్తాశయం అంటే ఏమిటో తెలియాలి. అంచేత కొంచెం ఓపిక పట్టండి.

ఇంట్లో ఎప్పుడైనా కోడిని కోసేటప్పుడు చూశారా? కార్జం పక్కన ఆకుపచ్చగా ఒక చిన్న తిత్తి వుంటుంది. వండేవాళ్లు దాన్ని పగలనివ్వకుండా ఎంతో జాగ్రత్తగా తీసి పారేస్తారు. పొరపాటున పగిలిందా, కూర అంతా చేదు విషమే! అలాంటి తిత్తే మన కడుపులోనూ కుడివైపున, కార్జం కింద అంటుకుని వున్నది. చిన్న జామకాయలాగా వుంటుంది. దాన్నే పిత్తాశయం అంటారు. అందులో వుండే చేదురసం పిత్తరసం. వాంతులు ఎక్కువైనప్పుడు చివరికి పచ్చగా చేదుగా పడుతుంది చూడండి, అది ఈ రసమే.

పిత్తరసాన్ని తయారుచేసేది పిత్తాశయం కాదు, కార్జం. రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది. పిత్తాశయం దాన్ని నిలవ చేసే సీసా మాత్రమే. పట్టేది రెండు మూడు పెద్ద చెంచాలే అయినా, అది రసంలోని నీటిని పీల్చేసి చిక్కబరుస్తుంది. మీరు నేతిగారెలు తిన్నారనుకోండి. ఆ నెయ్యి చిన్న పేగులోకి రాగానే పిత్తాశయం ముడుచుకుని, తనలోని రసాన్ని ఒక సన్నని గొట్టం గుండా పేగులోకి పంపుతుంది. తలకు పట్టించిన నూనెను కుంకుడురసం వదలగొట్టినట్టే, పిత్తరసం నేతిని చిన్న చిన్న తుంపరలుగా విడగొడుతుంది. అప్పుడు గాని నెయ్యి అరగదు.

ఇక్కడ ఒక విశేషం వున్నది. బాక్టీరియా అనే సూక్ష్మక్రిముల వొంటికి చుట్టూ ఒక పలచని జిడ్డుపొర వుంటుంది. జిడ్డును విడగొట్టే పిత్తరసం ఆ పొరను వూరుకుంటుందా? దాన్నీ విడగొడుతుంది. అంచేత చాలా రకాల క్రిములు పిత్తరసంలో బతకలేవు. ఆరోగ్యంగా వున్న మనిషి పిత్తాశయంలో సాధారణంగా క్రిములే వుండవు. పక్కనే వున్న పేగులో కోట్లకొద్దీ క్రిములు కాపురం వుంటున్నా సరే!

మరి అమ్మమ్మ పిత్తాశయంలోకి క్రిములెలా వచ్చాయి? అక్కడే రాళ్ల సంగతి వస్తుంది. పిత్తరసంలో కొలెస్టరాల్ అని మైనం వంటి పదార్థం ఒకటి కరిగి వుంటుంది. అది మోతాదు మించితే, పాకం ముదిరి కలకండ పలుకులు కట్టినట్టు, పలుకులు కట్టి క్రమంగా రాయి అవుతుంది. ఇంకొక రకం రాళ్లున్నాయి, ముదురు గోధుమరంగువి. వాటిని కట్టేది స్వయంగా క్రిములే. పిత్తరసానికి రంగునిచ్చే పదార్థాన్ని క్రిములు విరిచినప్పుడు అది సున్నంతో కలిసి అడుగుకు దిగి గడ్డకడుతుంది. అంటే రాళ్ల వల్ల క్రిములు చేరవచ్చు, క్రిముల వల్ల రాళ్లూ పుట్టవచ్చు. చాలామందికి రాళ్లు జీవితాంతం వున్నా ఏ బాధా వుండదు, వున్నట్టే తెలియదు. రాయి జారి వెళ్లి గొట్టంలో ఇరుక్కున్నప్పుడే వస్తుంది తంటా.

పారే కాలవలో పాచి పట్టదు, నిలిచిన నీట్లో పడుతుంది. పిత్తరసమూ అంతే. గొట్టం మూసుకుపోయాక లోపలి రసం కదలదు. పిత్తాశయం గోడ వాచి, దాని కాపలా బలహీనపడుతుంది. పిత్తరసాన్ని కొంత తట్టుకోగల పేగు క్రిములు, ముఖ్యంగా ఇ. కోలై అనేవి, లోపల చేరి పెరుగుతాయి. చీము పట్టవచ్చు. కార్జం నుంచి పేగుకు పోయే పెద్ద గొట్టమే మూసుకుపోతే మరీ ప్రమాదం. కడుపునొప్పి, చలిజ్వరం, కామెర్లు ఈ మూడూ కలిసి వస్తాయి. ఈ మూడూ కలిసి రావటాన్ని ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1877లోనే వివరించాడు. మన వూళ్లల్లో కళ్లు పచ్చబడగానే పసరు పోయించటానికి తీసుకుపోయేవాళ్లు ఇంకా వున్నారు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి గనక పసరుకు పేరు వస్తున్నది. కాని నొప్పీ, వణికించే జ్వరమూ, కామెర్లూ కలిసి వచ్చిన మనిషిని అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. పసరు కోసం రెండు రోజులు పోగొడితే మనిషే దక్కకపోవచ్చు.

ఆసుపత్రిలో క్రిములను చంపటానికి యాంటీబయాటిక్ మందు ఇస్తారు. అయితే ఆ మందు పిత్తాశయంలోని రసంలోకి చేరేది ఎక్కువగా కార్జం నుంచి వచ్చే పిత్తరసంతో కలిసే. దారి మూసుకుపోయిన తరవాత పిత్తరసమూ రాదు, దానితోపాటు మందూ సరిగా రాదు. కాలవ పూడిపోతే చివరి పొలానికి నీరు అందనట్టే. అందుకనే డాక్టర్లు మందుతో సరిపెట్టుకోక, అడ్డం తొలగించటమో, చీమును బయటికి తియ్యటమో, పిత్తాశయాన్నే తీసివెయ్యటమో చేస్తారు. మొదటిసారి పిత్తాశయాన్ని కోసి తీసినవాడు బెర్లిన్ నగరంలో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే వైద్యుడు, 1882లో. అది లేకపోయినా మనిషి హాయిగా బతకగలడు. సీసా లేకపోతేనేం, కార్జం నుంచి రసం నేరుగా పేగులోకే పోతుంది.

ఇప్పుడు ఉత్తరంలోని ఆ "ఏదో పరీక్ష" గురించి చెబుతాను. రోగి రక్తాన్నో, పిత్తరసాన్నో కొంచెం తీసి, క్రిములను పెంచుతారు. సముద్రపు పాచి నుంచి తీసిన అగర్ అనే పదార్థంతో జున్నులాగా ఒక పలచని పొర గాజుపళ్లెంలో పోసి వుంచుతారు. దానిమీద ఈ క్రిములను పులుముతారు. తరవాత చిన్న చిన్న గుండ్రని కాగితపు బిళ్లలను, ఒక్కొక్కటి ఒక్కొక్క మందులో తడిపినవి, దూరదూరంగా పెడతారు. మన వొంటి వేడిలో ఆ పళ్లేన్ని రాత్రంతా వుంచుతారు. తెల్లవారి చూస్తే పళ్లెమంతా క్రిములు బూజులాగా కమ్ముకుని వుంటాయి. కాని కొన్ని బిళ్లల చుట్టూ మాత్రం శుభ్రమైన వలయం కనిపిస్తుంది. ఆ మందు క్రిములను పెరగనివ్వలేదన్నమాట. కొన్ని బిళ్లల చుట్టూ ఏ వలయమూ వుండదు. క్రిములు బిళ్లను ఆనుకునే పెరిగి వుంటాయి! ఆ మందు వాటికి లెక్కే లేదు. క్రిములు పెరగటానికి ఒక రోజు, ఈ పరీక్షకు ఒక రోజు. ఆలోగా రోగిని వూరికే వుంచరాదు గనక, డాక్టరు అనుభవాన్ని బట్టి ఒక మందు మొదలుపెడతాడు. అమ్మమ్మ విషయంలో ఆ మొదటి మందు చుట్టూ వలయం లేకపోయి వుంటుంది. మందు ఎప్పటి మందే. మారినది క్రిమి.

క్రిమి మందును తప్పించుకునే పద్ధతులు రెండున్నాయి. ఒకటి దాక్కోవటం. రెండోది మొండికెయ్యటం. ఈ రెండూ వేరు వేరు. రెండింటినీ బాగా చూపించగల క్రిమి ఒకటి వున్నది. అదే టైఫాయిడ్ క్రిమి.

టైఫాయిడ్ క్రిమి కలుషితమైన నీటితోనో తిండితోనో పేగులోకి పోయి, రక్తంలోకి చేరి, కార్జం గుండా పిత్తాశయానికి వస్తుంది. మిగతా క్రిములు చచ్చే చేదురసంలో ఇది చావదు. ఇది రసాన్ని ఎంత తట్టుకుంటుందంటే, ప్రయోగశాలల్లో ఎద్దు పిత్తరసం కలిపిన ద్రవంలో దీన్ని పెంచేవారు. జబ్బు నయమైన తరవాత కూడా నూటికి ఇద్దరు ముగ్గురు మనుషుల్లో ఇది పిత్తాశయంలో వుండిపోతుంది. రాళ్లున్నవారిలో మరీ ఎక్కువ. వారికి జ్వరం వుండదు, నొప్పి వుండదు. కాని క్రిములు పేగులోకి జారి, మలంతో బయటికి పోతూనే వుంటాయి. చేతులు సరిగా కడుక్కోకుండా వారు వంట చేస్తే తిన్నవాళ్లకు జబ్బు వస్తుంది.

ఇది జరిగిన కథ. అమెరికాలో న్యూయార్కు దగ్గర ఆయిస్టర్ బే అనే వూరు వున్నది. 1906 వేసవిలో ఒక బ్యాంకు యజమాని అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని కుటుంబంతో దిగాడు. ఇంట్లో నౌకర్లతో సహా పదకొండుమంది. వారిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. ఇక ఆ ఇల్లు ఎవరూ అద్దెకు తీసుకోరేమోనని ఇంటివాడికి భయం పట్టుకున్నది. అతను జార్జి సోపర్ అనే ఇంజనీరును పిలిపించాడు. సోపర్ నీళ్లు పరీక్షించాడు, పాలు పరీక్షించాడు, మరుగుదొడ్డి చూశాడు. అన్నీ బాగానే వున్నాయి. చివరికి అతనికి తెలిసిందేమిటంటే, జబ్బులు మొదలయ్యే కొద్ది రోజుల ముందు ఆ ఇంట్లో కొత్త వంటమనిషి చేరింది, తరవాత వెళ్లిపోయింది. ఆమె పేరు మేరీ మాలన్. ఐర్లండు నుంచి చిన్నతనంలోనే వలస వచ్చిన మనిషి.

ఉడికిన తిండిలో క్రిములు చస్తాయి కదా, వంటమనిషి వల్ల జబ్బు ఎలా వచ్చింది? సోపర్ కూడా ఇదే ఆలోచించాడు. ఆమె పచ్చి పీచ్ పళ్ల ముక్కలు వేసి ఐస్‌క్రీం చాలా బాగా చేసేదట! దాన్ని ఉడికించేదేమున్నది? అతను ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్లన్నీ వాకబు చేశాడు. ఎనిమిది ఇళ్లల్లో ఏడిళ్లలో టైఫాయిడ్ వచ్చింది.

సోపర్ ఆమెను వెతికి పట్టుకుని, "నీ వల్ల జనానికి జబ్బు వస్తున్నది, నీ మలమూత్రాలు పరీక్షకు ఇయ్యి," అన్నాడు. మేరీ మాంసం కోసేటప్పుడు వాడే పెద్ద ముళ్లగరిటె తీసుకుని అతని మీదికి వచ్చింది. సోపర్ వీధిలోకి పరుగెత్తాడు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వొంట్లో ఏ జబ్బూ లేని మనిషి. ఎవరో కొత్తవాడు వంటింట్లోకి వచ్చి అలాంటి మాట అంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

1907లో జోసెఫిన్ బేకర్ అనే డాక్టరమ్మ పోలీసులతో వచ్చింది. మేరీ మాయమయింది. గంటల తరబడి ఇల్లంతా వెతికారు. చివరికి ఒక అలమారు తలుపు సందులో నీలిగుడ్డ కొస కనిపించింది. అది మేరీ గౌను అంచు! ఆమెను బండి ఎక్కించారు. దారి పొడుగునా ఆమె పెనుగులాడుతుంటే డాక్టరమ్మ ఆమె మీదే కూర్చోవలసి వచ్చింది. పరీక్షలో టైఫాయిడ్ క్రిములు బయటపడ్డాయి. నార్త్ బ్రదర్ అనే చిన్న లంకలోని అంటురోగాల ఆసుపత్రి దగ్గర ఆమెను వుంచారు. పిత్తాశయం తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆమె ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో కడుపు కోస్తే బతికి బయటపడతామన్న నమ్మకం లేదు. యాంటీబయాటిక్ మందులు ఇంకా పుట్టనేలేదు.

1910లో నగరానికి కొత్త ఆరోగ్యాధికారి వచ్చాడు. పేరు ఎర్నెస్ట్ లెడర్లీ. అతను మేరీని, ఇక వంటపని చెయ్యనని మాట తీసుకుని, విడిచిపెట్టాడు. ఈ లెడర్లీ పేరు గుర్తుపెట్టుకోండి, మన తెలుగువాడి కథలో మళ్లీ వస్తుంది. బట్టలుతికే పనికి కూలి తక్కువ. మేరీ మాట తప్పింది. 1915లో న్యూయార్కులో స్లోన్ అనే స్త్రీల ఆసుపత్రిలో ఇరవై అయిదుమందికి టైఫాయిడ్ వచ్చింది. ఇద్దరు చనిపోయారు. వంటింట్లో మారుపేరుతో పనిచేస్తున్నది మేరీయే. ఆమెను మళ్లీ లంకకు తీసుకుపోయారు. 1938లో చనిపోయేదాకా ఆమె అక్కడే వున్నది. రెండుసార్లూ కలిపితే దాదాపు ఇరవై ఆరేళ్లు.

ఆమెలాగే క్రిములను మోసేవారు ఆ నగరంలో ఇంకా చాలామంది దొరికారు. వారిని అలా జీవితాంతం బంధించలేదు. రెండోసారి ఆమె చేసింది తప్పే. కాని ఆమెకు బతుకుతెరువు చూపించకుండా వంట మానెయ్యమన్నవారి తప్పు మాటేమిటి? ఈ ప్రశ్న మీరూ మీ ఇంట్లో అడిగి చూడండి. పెద్దవాళ్లలో కూడా వాదన వస్తుంది.

మేరీ పిత్తాశయం వంటి చోట క్రిములు ఏళ్ల తరబడి ఎలా వుంటాయో ఈ మధ్యనే బాగా తెలిసింది. మీరు పొద్దున్నే పళ్లు తోముతారు కదా, ఎందుకు? పాచి పోవటానికి. చెరువు మెట్ల మీద కాలు జారేదీ పాచి వల్లనే. రెండూ ఒక రకమైనవే. సూక్ష్మజీవులు వేలూ లక్షలూ ఒకచోట చేరి, జిగురు ఒకటి తయారుచేసుకుని, అందులో గుంపుగా బతకటమే పాచి. పిత్తాశయంలోని రాళ్ల మీద టైఫాయిడ్ క్రిములు ఇలాంటి పాచినే కడతాయని శాస్త్రజ్ఞులు మనుషుల రాళ్లనూ, ఎలుకల రాళ్లనూ పరీక్షించి 2010లో ప్రకటించారు. పాచి లోపలికి మందు సరిగా దిగదు. దిగినా, అడుగున వున్న క్రిములు తినక, పెరగక, కునికిపాట్లు పడుతూ వుంటాయి. చాలా మందులు పెరుగుతున్న క్రిమినే దెబ్బతీస్తాయి గనక, ఇవి బతికిపోతాయి. మందు మానగానే లేచి మళ్లీ బయలుదేరతాయి. ఇదీ దాక్కోవటం. పాచిలో వున్న క్రిమిని విడిగా బయటికి తీస్తే, దానికి మందు పనిచెయ్యవచ్చు. దాని బలమంతా ఇంటిదే.

ఇక మొండికెయ్యటం సంగతి చూద్దాం.

1947లో వెనిజులా దేశపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి క్లోరాంఫెనికాల్ అనే మందు తీశారు. మట్టిలో సూక్ష్మజీవులు చోటుకోసం ఒకదానితో ఒకటి పోరాడుతూ విషాలు తయారుచేస్తాయి. మన యాంటీబయాటిక్‌లలో చాలావాటికి మూలం ఆ విషాలే. అదే రోజుల్లో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఒక మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఆ సంస్థలోనే మరొక మట్టి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ మందును తీశారు. దాన్ని 1948లో లోకానికి ప్రకటించారు. సుబ్బారావుగారు ఆ యేడే పోయారు. ఆ సంస్థ పేరేమిటో తెలుసా? లెడర్లీ! మేరీని విడిచిపెట్టిన ఆ అధికారి స్థాపించినదే.

ఆ 1948లోనే అమెరికా వైద్యులు కొందరు, వేరొక జ్వరం మీద క్లోరాంఫెనికాల్‌ను పరీక్షించటానికి మలయా దేశానికి పోయి, అది టైఫాయిడ్‌ను కూడా తగ్గిస్తుందని కనిపెట్టారు. అంతకుముందు టైఫాయిడ్ వచ్చినవారిలో నూటికి పదిమందికి పైగా చనిపోయేవారు. వారాల తరబడి లంఖణాలు, ఇంటిల్లిపాదికీ దిగులు. ఈ మందుతో కొద్ది రోజుల్లో జ్వరం దిగిపోయేది. టైఫాయిడ్ పీడ విరగడయిందనే అనుకున్నారు.

1972లో మెక్సికోలో టైఫాయిడ్ వ్యాపించి వేలమంది మంచం పట్టారు. క్లోరాంఫెనికాల్ ఇచ్చారు. జ్వరం దిగలేదు. అదే సంవత్సరం మన దేశంలో, కేరళలోని కోజికోడ్‌లో కూడా ఆ మందుకు లొంగని టైఫాయిడ్ కనిపించింది. క్రిమి మొండికేసింది.

ఎలా? కొంచెం లెక్క చెయ్యండి. ఇ. కోలై వంటి క్రిమికి తిండి, వెచ్చదనం దొరికితే ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. రాత్రి పది గంటలకు ఒక క్రిమి వుంటే, పొద్దున ఆరుగంటలకు ఎన్ని అవుతాయి? ఇరవైనాలుగు సార్లు రెట్టింపు చెయ్యాలి. 1,67,77,216! చీలిన ప్రతిసారీ క్రిమి తన పుట్టుక రహస్యమంతా చూచిరాత రాసినట్టు తిరగరాసుకోవాలి. అన్ని లక్షల చూచిరాతల్లో ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది. చాలా తప్పుల వల్ల లాభం వుండదు. కాని ఏదో ఒక తప్పు వల్ల ఆ క్రిమికి మందు పట్టదనుకోండి. మందు వెయ్యగానే మిగతావన్నీ చస్తాయి, అది ఒక్కటే మిగులుతుంది. మర్నాటికి వున్నవన్నీ దాని సంతానమే! మందు క్రిమికి మొండితనం నేర్పదు. మొండిదాన్ని ఏరి, చేనంతా దానికే అప్పగిస్తుంది.

ఇంకొక దారి కూడా వున్నది. ఇది మరీ చిత్రం. క్రిములు తమ విద్యలను ఒకదానికొకటి ఇచ్చుకోగలవు! ఉంగరంలాంటి చిన్న పోగు మీద ఆ విద్య రాసి వుంటుంది. రెండు క్రిములు దగ్గర చేరినప్పుడు ఒకటి దాని నకలు రెండోదానికి ఇస్తుంది. వేరే జాతి క్రిమికి కూడా ఇస్తుంది. దీన్ని జపాను శాస్త్రజ్ఞులు 1959లో రక్తవిరేచనాల క్రిముల్లో కనిపెట్టారు. ఒకే పోగు మీద నాలుగైదు మందులను ఎదుర్కొనే విద్యలు వుండవచ్చు. కోజికోడ్‌లో దొరికిన క్రిమి విద్య కూడా ఇలా చేతులు మారగలిగినదే.

ఆ విద్యలేమిటంటారా? కొన్ని క్రిములు మందును విరిచే పదార్థాన్ని తయారుచేస్తాయి. పెన్సిలిన్‌కు అదే గతి పట్టింది. కొన్ని క్రిములు మందు వచ్చి తగలవలసిన చోటునే కాస్త మార్చేసుకుంటాయి. తాళం మార్చేస్తే పాత తాళంచెవి ఎందుకు పనికివస్తుంది? ఇంకొన్ని మందును బయటికి తోడిపోస్తాయి. ఇక్కడే మళ్లీ చేదురసం దగ్గరికి వస్తున్నాం. టైఫాయిడ్ క్రిమి గాని, ఇ. కోలై గాని పిత్తరసంలో బతకగలగటానికి ముఖ్యకారణం, చిల్లిపడిన నావలో నీళ్లు తోడినట్టు, లోపలికి వచ్చిన పిత్తలవణాలను బయటికి తోడిపోసే యంత్రాలు వాటికి వుండటమే. ఆ యంత్రాలే కొన్ని రకాల మందులను కూడా తోడిపోస్తాయి! మనిషి మందు కనిపెట్టకముందే, ఎన్నో యుగాలుగా మన చేదురసంతో పోరాడుతూ క్రిమి కత్తికి పదును పెట్టుకుని వున్నది.

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఇచ్చిన ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని చెప్పాడు. గొంతునొప్పికి చాలీచాలని పెన్సిలిన్ తిన్న ఒక మనిషి కథ చెప్పాడాయన. అతని గొంతులో క్రిములు చావకపోగా మొండివైనాయి. అవి అతని భార్యకు అంటుకుంటే, అదే పెన్సిలిన్ ఆమెను బతికించలేకపోయింది. అది ఊహించి చెప్పిన కథ. ఆ తరవాత నిజంగానే జరుగుతూ వచ్చింది.

మన వీధుల్లో రోజూ ఏం జరుగుతున్నదో చూడండి. జలుబు చేస్తే దుకాణంలో అడిగి నాలుగు బిళ్లలు కొనటం, రెండు వేసుకుని రెండు దాచటం, ఆ దాచినవి పక్కింటివారికి ఇవ్వటం! జలుబు తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చెయ్యలేదు. మన పేగులో వున్న క్రిముల్లో మొండివాటిని మాత్రం ఏరిపెడుతుంది. రేపు పిత్తాశయంలో రాయి అడ్డం పడిననాడు లోపలికి చేరేవి ఆ మొండి క్రిములే. డాక్టరు రాసి ఇచ్చినప్పుడే, ఆయన చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. ఇంట్లో మందుల పెట్టె వుంటే పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని చూడండి. కొన్ని అట్టల మీద నిలువుగా ఒక ఎర్రగీత వుంటుంది. డాక్టరు చీటీ లేనిదే వేసుకోరాదని దాని అర్థం. ఆ గీత సంగతి జనానికి తెలియజెయ్యటానికి మన ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. ఎర్రగీత వున్నవి ఎన్ని వున్నాయో, అందులో సగం వాడి వదిలేసినవి ఎన్నో లెక్కపెట్టి నాకు రాయండి.

ఒక వింత చెప్పనా? క్లోరాంఫెనికాల్ పనిచెయ్యటం లేదని మన దేశంలో దాని వాడకం బాగా తగ్గించారు. ఏళ్లు గడిచాయి. ఈ మధ్య మన దేశంలో పరీక్షించిన టైఫాయిడ్ క్రిముల్లో చాలావాటికి ఆ పాత మందు మళ్లీ పనిచేస్తున్నట్టు తేలింది. మందు రానప్పుడు మొండితనం మోసుకు తిరగటం క్రిమికి బరువే. అందరూ దించుకోరు గాని, కొందరు దించుకుంటారు.

అయినా ధీమాగా వుండటానికి లేదు. 2016లో పాకిస్తానులోని సింధు రాష్ట్రంలో హైదరాబాదు అనే నగరంలో ఒక కొత్త టైఫాయిడ్ బయలుదేరింది. అవును, వాళ్లకూ ఒక హైదరాబాదు వున్నది. అయిదు రకాల మందులు ఆ క్రిమి ముందు ఓడిపోయాయి. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. క్రిమిని విప్పి చూస్తే, అది మొండితనపు పోగు ఒకదాన్ని ఇ. కోలై వంటి పేగు క్రిముల దగ్గర సంపాదించినట్టు కనిపించింది.

మందులు ఓడిపోతున్నచోట జబ్బు రాకుండా చూడటమే దారి. అంటే మంచినీళ్లు, చేతులు కడుక్కోవటం, టీకా. 2019లో పాకిస్తాను ప్రపంచంలో అందరికంటె ముందుగా, కొత్తరకం టైఫాయిడ్ టీకాను పిల్లలకు మామూలుగా వేసే టీకాల్లో చేర్చింది. ఆ సింధు హైదరాబాదు పిల్లలకు వేసిన టీకా ఎక్కడ తయారయిందో తెలుసా? మన తెలంగాణాలోని హైదరాబాదులో, భారత్ బయోటెక్ అనే సంస్థలో. ఆ టీకా క్రిమి వొంటిమీది చక్కెరపొరను చూపించి మన రక్తానికి పాఠం చెబుతుంది. చక్కెరను చూసి క్రిమిని గుర్తుపట్టడం ఎలాగో వచ్చే నెల చెబుతాను.